80 శాతం వేరు, 80 పర్సంటైల్ వేరు

ఇంటర్ పాసై డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరుతున్న దేవరుప్పుల మండలం విద్యార్థులకు, వాళ్ల తల్లిదండ్రులకు ఈ సమాచారం.

కేంద్ర ప్రభుత్వం పీఎం-యూఎస్‌పీ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కింద డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో 20,000 రూపాయలు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో వేస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటొద్దు. రెగ్యులర్ కోర్సు చదవాలి. ఇదంతా సులువుగానే అర్థమవుతుంది. తిప్పలంతా ఒక్క షరతు దగ్గరే: ఇంటర్‌లో ‘80వ పర్సంటైల్ పైన’ ఉండాలి.

దీన్ని 80 శాతం మార్కులని చదువుకుంటే 780 వచ్చిన పిల్ల దరఖాస్తే పెట్టదు, 850 వచ్చిన పిల్లాడు స్కాలర్‌షిప్ ఖాయమనుకుంటాడు. ఇద్దరి లెక్కా తప్పు కావచ్చు. (ఈ మాటకు మనకు చక్కటి తెలుగు పేరు ఉంటే సగం గందరగోళం తగ్గేది.)

శాతం అంటే వెయ్యికి మీకెన్ని మార్కులు వచ్చాయన్నది. పర్సంటైల్ అంటే మీతోపాటు పాసైన వాళ్లలో ఎంతమంది మీ వెనుక ఉన్నారన్నది. పాసైన వాళ్లందరినీ మార్కుల వరుసలో నిలబెట్టండి. నూటికి 80 మంది మీకంటే వెనుక ఉంటే మీది 80 పర్సంటైల్. జేఈఈ మెయిన్‌లో 100 పర్సంటైల్ అన్నా అంతే, నూటికి నూరు మార్కులు వచ్చాయని కాదు.

ఈ వరుస మీ కాలేజీది కాదు, మన ఇంటర్ బోర్డు మొత్తానిది. అదీ సైన్సు, కామర్స్, ఆర్ట్స్‌కు వేర్వేరుగా. లెక్క తెలియడానికి ఒక ఊహ చెప్తాను. కడవెండి అమ్మాయికి హెచ్‌ఈసీలో 800, కోలుకొండ అబ్బాయికి ఎంపీసీలో 800 వచ్చాయనుకుందాం. ఆర్ట్స్‌లో 800 దాటినవాళ్లు నూటికి 10 మందే ఉంటే ఆ అమ్మాయి 80 పర్సంటైల్ పైనే ఉంటుంది. సైన్సులో 35 మంది దాటి ఉంటే అబ్బాయి పర్సంటైల్ 65 దాటదు. మార్కులు ఒకటే, అర్హత ఒకరికే. కటాఫ్ మార్కు ఏటా మారేది కూడా ఇందుకే. పోయినేడు అక్కకు సరిపోయిన మార్కులు ఈసారి తమ్ముడికి సరిపోకపోవచ్చు.

కాబట్టి మెమో మీద మార్కులు చూసి మీకు మీరే నిర్ణయించుకోకండి. ఆ ఏడాది మీ గ్రూపు కటాఫ్ ఎంతో కాలేజీలో అడగండి. తెలియకపోతే గడువులోపు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టేయండి. మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ ముందే తీసుకోండి, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు చేయించుకోండి. 80 దాటితే అర్హత మాత్రమే వస్తుంది. దేశమంతటికీ ఏటా కొత్తవి 82,000, అందులో సగం ఆడపిల్లలకు.

ఇంకొక్కటి. ఇది తీసుకుంటే రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్, వేరే స్కాలర్‌షిప్ తీసుకోవద్దు. ఇంజినీరింగ్ ఫీజు 12,000 కంటే చాలా ఎక్కువ, డిగ్రీ ఫీజు తక్కువ ఉండొచ్చు. మీ కాలేజీ ఫీజు ఎంత, అందులో రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తుందో కాగితం మీద రాసి చూసుకున్నాకే దరఖాస్తు నింపండి.