భాష రాదు, బాణీ వచ్చు

1996 ఆగస్టు, షికాగో. బిల్ క్లింటన్‌ని రెండోసారి అధ్యక్ష పదవికి నిలబెడుతూ డెమొక్రటిక్ పార్టీ మహాసభ జరుపుకుంటోంది. హాలు నిండా జాతీయ జెండాలు, దేశభక్తి ప్రసంగాలు. మధ్యమధ్యలో ప్రతినిధులు లేచి నిలబడి, చేతులు ముందుకు చాపి, భుజాలు తట్టుకుని, నడుములు తిప్పుతూ ఒక పాటకి ఆడుతున్నారు. ఉపాధ్యక్షుడు అల్ గోర్ మైకు ముందుకొచ్చి, తానూ ఆ డాన్సు చేసి చూపిస్తానని చెప్పి, చిటికెన వేలు కూడా కదపకుండా నిలబడి అందరినీ నవ్వించాడు. ఆ పాట పేరు 'మకరేనా'.

పాటలోని కథ వింటే ఎవరైనా ఉలిక్కిపడతారు. మకరేనా అనే అమ్మాయి ప్రియుడు సైన్యంలో చేరి జెండాకి ప్రమాణం చేస్తున్నాడు. సరిగ్గా ఆ వేళకి ఆమె అతని స్నేహితులిద్దరితో కులుకుతోంది. జెండాలు ఊపే సభకి ఇంతకన్నా పనికిరాని పాట వెతికినా దొరకదు. స్పెయిన్‌లో సెవీయా నగరం పక్క ఊరి నుంచి వచ్చిన లోస్ దెల్ రియో అనే ఇద్దరు నడివయసు గాయకులు 1993లో పాడింది అది. మయామీలో కొందరు దానికి ఇంగ్లిష్ చరణాలు చేర్చి కొత్త బీటు వేశాక అమెరికాలో 14 వారాలు బిల్‌బోర్డు మొదటి స్థానంలో కూర్చుంది. తమాషా ఏమిటంటే ఆ ఇంగ్లిష్ చరణాల్లోనూ కథ అదే. స్పానిష్ రాకపోవడం ఒక్కటే అడ్డమైతే అప్పటికైనా అమెరికన్లకి విషయం తెలిసిపోవాలి. తెలిసినవాళ్లు ఉండే ఉంటారు. అయినా కాలు ఆగలేదు.

మళ్లీ ఎక్కువభాగం స్పానిష్‌లో ఉన్న పాట అమెరికాలో మొదటి స్థానానికి రావడానికి 21 ఏళ్లు పట్టింది. 2017లో వచ్చిన 'డెస్పసీతో'. ప్యూర్టో రికో గాయకులు లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీ పాడారు. కెనడా కుర్రాడు జస్టిన్ బీబర్ గొంతు కలిపాక 16 వారాలు కదల్లేదు. ఆ ఏడాది మన దగ్గర జిమ్ముల్లో, కాలేజీ ఫెస్టుల్లో, పుట్టినరోజు పార్టీల్లో ఎక్కడ విన్నా అదే. ఐదేళ్ల పిల్ల కేకు కోస్తుంటే చుట్టూ తాతయ్యలు, అమ్మమ్మలు చప్పట్లు కొడుతుంటే, స్పీకర్లోంచి ఒక మగవాడు ఒక స్త్రీ ఒంటిని తొందరేమీ లేకుండా ఎలా చేరుకోబోతున్నాడో వివరంగా చెబుతుంటాడు. నిజానికి అది మంచి శృంగార గీతం. ఆ మాటలు ఫోన్సీతో కలిసి రాసింది ఎరికా ఎండర్ అనే పనామా రచయిత్రి. అయితే కేకు కోసే వేళకి రాసింది కాదు.

ఆ ఏడాది జులైలోనే మలేసియా ప్రభుత్వ రేడియో, టీవీలు ఆ పాటని ఆపేశాయి. అప్పటిదాకా అందరితోపాటు వాళ్లూ వేశారు. జనం నుంచి ఫిర్యాదులు వచ్చాక సాహిత్యం వైపు చూశారు. ప్రైవేటు స్టేషన్లకి ఆ నిషేధం వర్తించలేదు, యూట్యూబ్‌కి అసలే వర్తించలేదు. మరుసటి నెలకల్లా అది యూట్యూబ్‌లో అప్పటిదాకా జనం అత్యధికసార్లు చూసిన వీడియో అయింది. మలేసియా అధికారుల్ని చూసి నవ్వడం తేలిక. నేను నవ్వను. పాట సాహిత్యం పట్టించుకోవాలన్న వాళ్ల పట్టుదల న్యాయమే. వాళ్లు పట్టుకున్న పాట సరైనది కాదన్నదే నా పేచీ.

పాడినవాళ్లకైనా తెలుసా?

వినేవాళ్ల సంగతి సరే. న్యూయార్క్‌లో ఒక క్లబ్బులో బీబర్ డెస్పసీతో అందుకుని, స్పానిష్ మాటలు గుర్తురాక తినుబండారాల పేర్లు ఇరికించి నెట్టుకొచ్చాడు. ఆ వీడియో బయటపడి లాటిన్ అమెరికా అభిమానులు మండిపడ్డారు. అంతకు చాలా ముందు, 1974లో, చర్చి గాయకబృందంలో పాడుతూ పెరిగిన ప్యాటీ లబెల్ 'లేడీ మార్మలేడ్' పాడింది. పల్లవిలో ఒక ఫ్రెంచ్ వాక్యం ఉంటుంది. న్యూ ఆర్లీన్స్ వీధిలో ఒక వేశ్య మగవాణ్ణి పిలిచే మాట. పాడేటప్పుడు దాని అర్థం తనకి తెలియదని ఆమె తర్వాత చెప్పుకుంది.

సొంత భాషలో పాడినా తెలియకపోవచ్చు. 1966లో ఫ్రాన్స్‌లో సెర్జ్ గేన్స్‌బూర్ అనే పేరుమోసిన పాటగాడు, ఫ్రాన్స్ గాల్ అనే 18 ఏళ్ల అమ్మాయికి లాలీపాప్‌ల మీద ఒక పాట రాసిచ్చాడు. ఆమె పసిపిల్లల పాటలాగే పాడింది. దేశమంతా ఎందుకు ముసిముసిగా నవ్వుతోందో ఆలస్యంగా తెలిసొచ్చింది. ఆ అవమానం ఆమెని చాలాకాలం వదల్లేదు. రాసినాయనకి తెలుసు, చలామణీ చేసిన పెద్దలకి తెలుసు, పాడిన పిల్లకే తెలియదు. ఆ పాటలో నాకు బూతు కన్నా ఎక్కువ అసహ్యం కలిగించేది ఆ ఏర్పాటే.

ఇదే గేన్స్‌బూర్ 1969లో జేన్ బర్కిన్‌తో కలిసి పాడిన ఫ్రెంచ్ పాటని బీబీసీ నిషేధించింది, బ్రిటన్ జనం మొదటి స్థానానికి ఎక్కించారు. కొన్నవాళ్లలో ఫ్రెంచ్ వచ్చినవాళ్లు ఎందరో గానీ, ఆమె ఊపిరికి నిఘంటువు అక్కర్లేదు.

అసలు మనం వినేదేమిటి? ఇటలీలో అద్రియానో చెలెంతానో 1972లో ఈ ప్రశ్ననే పాటగా కట్టాడు. వింటే అచ్చం అమెరికన్ ఇంగ్లిష్, విప్పితే ఒక్క ముక్కకీ అర్థం ఉండదు. అది హిట్టయింది. గొంతు ఎక్కడ గరగరలాడింది, హల్లు ఎక్కడ దరువు మీద పడింది, ఊపిరి ఎక్కడ తెగింది అన్నవే మనల్ని పట్టేస్తాయి. మాట అక్కడ మరో వాయిద్యం. స్పానిష్‌కి ఇంకో సౌకర్యం ఉంది: చాలా మాటలు తెలుగులాగే అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లిష్ రాప్ కన్నా స్పానిష్ పల్లవి మన పిల్లల నోట ముందు ఆడటానికి కారణం అదేనని నా అనుమానం.

దరువు చేసిన ప్రయాణం

డెస్పసీతో కూడా చేరే రెగెటోన్ అనే స్పానిష్ సంగీతమంతటి కిందా ఆగకుండా నడిచే ఒక దరువు ఉంది. దాని పేరు డెంబో. ఆ పేరు జమైకా గాయకుడు షబ్బా రాంక్స్ 1990లో పాడిన పాటది. వలస పాలకులకి తల వంచేవాళ్లని తిడుతూ, అదే నోటితో స్వలింగ సంపర్కుల్ని ఈసడించే పాట. ఈ కథనంలో ప్రస్తావించిన పాటల్లో ద్వేషం ఇంత బాహాటంగా ఉన్నది ఇంకోటి లేదు. ఆ దరువు పనామా గాయకుల చేతిలో స్పానిష్ నేర్చుకుంది, న్యూయార్క్ స్టూడియోలు తిరిగింది, ప్యూర్టో రికోలో పేదవాడల్లోకి చేరింది. మాటలు దారిలో రాలిపోయాయి. 1995లో ప్యూర్టో రికో పోలీసులు రికార్డు షాపుల మీద పడి, అశ్లీలమంటూ ఈ సంగీతం క్యాసెట్లు పట్టుకుపోయారు. 2004లో డాడీ యాంకీ 'గాసోలీనా' వచ్చాక అది లోకమంతా పాకింది. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ పాటని భద్రపరచదగ్గ రికార్డింగుల జాబితాలో చేర్చుకుంది.

2020కి వద్దాం. ప్యూర్టో రికో గాయకుడు బ్యాడ్ బన్నీ అమెరికా టీవీ షోకి స్కర్టు కట్టుకుని వెళ్లాడు. తమ దీవిలో హత్యకి గురైన ఒక ట్రాన్స్ మహిళ తరఫున నిరసన వాక్యం టీషర్టు మీద రాసుకున్నాడు. నెల తిరగ్గానే మరో వీడియోలో ఆడవేషం వేసి, క్లబ్బులో ఆడపిల్ల ఒంటరిగా ఆడుకుంటానంటే ఆడుకోనివ్వండన్నాడు. కింద నడుస్తున్నది రాంక్స్ పాట పేరు మోస్తున్న దరువే. ఏ మాటల మీద పుట్టిందో వాటికి పూర్తిగా ఎదురుగా వెళ్లి నిలబడింది.

మన పాటలే పరభాష అయిన చోట

తెలుగు కూడా ఒకరికి పరభాషే. 17వ శతాబ్దంలో కృష్ణా జిల్లా మొవ్వ పేరు పాటల్లో మోసుకుంటూ దక్షిణాది రాజాస్థానాలు తిరిగిన క్షేత్రయ్య పదాల్లో నాయిక తరచూ వేశ్య, లేదా భర్త కన్నుగప్పి వచ్చిన ఇల్లాలు. నాయకుడు దేవుడే, కానీ విటుడు. డబ్బు బేరాలుంటాయి, గోటి గుర్తులుంటాయి, నిన్న రాత్రి ఎవరింట ఉన్నావన్న నిలదీతలుంటాయి. ఈ పదాలు తర్వాతి కాలంలో నిలబడింది ఎక్కడ? మద్రాసులో. వీణ ధనమ్మాళ్ ఇంట శుక్రవారపు కచేరీల్లో, ఆమె మనవరాళ్లు బృంద, ముక్తల గొంతుల్లో, బాలసరస్వతి అభినయంలో. వినేవాళ్లలో ఎక్కువమంది తమిళులు. వాళ్లకి ముందు చేరింది ముఖారి, సహాన రాగాల నడక. బేరాలు అందరికీ అంది ఉండవు.

దీనిమీద గొడవలు రాకపోలేదు. 1940ల్లో తమిళ ఇసై ఉద్యమం, అర్థంకాని భాషలో పాటలు ఎన్నాళ్లు వినాలని అడిగింది. నాట్యంలో ఎంత శృంగారం ఉండాలన్న దానిమీద రుక్మిణీదేవి ఒక వైపు, బాలసరస్వతి ఇంకో వైపు నిలబడ్డారు. రుక్మిణీదేవికి ఆ పదాల్లో కడగాల్సింది కనిపించింది, బాలసరస్వతికి కడగాల్సింది కనిపించలేదు. ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి ఆ పదాలకి చేసిన ఇంగ్లిష్ అనువాదం 1994లో వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి వింటున్నవాళ్లలో కొందరికైనా ఇదా మనం వింటున్నదీ అనిపించి ఉంటుంది. విని మానేయాల్సిన అవసరం మాత్రం ఎవరికీ కనిపించినట్టు లేదు. నాకూ కనిపించదు. ఇష్టపడి కలిసిన ఇద్దరి మధ్య మాట, ఎంత పచ్చిగా ఉన్నా, నా లెక్కలో అభ్యంతరం కాదు. ఎవరి ముందు ఎప్పుడు పాడాలన్నది మర్యాద సంగతి, అంతే.

పద్నాలుగు

అభ్యంతరం మరోచోట మొదలవుతుంది. 2024 నవంబరులో కొలంబియా గాయని కరోల్ జీ, మలూమా, జె బాల్విన్ వంటి ఆ దేశపు పలువురు తారలతో కలిసి 'ప్లస్ 57' అనే పాట విడుదల చేసింది. అది కొలంబియా ఫోన్ కోడు. దేశం మీద ప్రేమతో చేసిన పాట అని ప్రచారం. అందులో ఒక అమ్మాయిని వగలాడిగా వర్ణిస్తూ, పద్నాలుగేళ్ల నుంచీ ఆమె అంతేనన్నట్టు ఒక మాట ఉంది. కొలంబియా కుటుంబ సంక్షేమ సంస్థ గట్టిగా తప్పుపట్టింది. కరోల్ జీ సొంత నగరం మెదెయీన్‌లో మైనర్ బాలికల్ని లైంగిక వ్యాపారంలోకి లాగడం పత్రికల్లో తరచూ కనిపించే వార్త. బయటి దేశాల నుంచి అందుకోసమే వచ్చేవాళ్లున్నారు. ఆ విమర్శల తర్వాత ఆమె క్షమాపణ చెప్పి, పద్నాలుగుని పద్దెనిమిది చేసింది.

మెక్సికోలో ఇంకో రకం. అక్కడ డ్రగ్స్ ముఠా నాయకుల వీరగాథలు పాడే నార్కో కొరీడోలు ఒక పెద్ద సంప్రదాయం. పన్నెండు తీగల గిటారు, ఇత్తడి వాయిద్యాలు, వాల్ట్జ్ నడక. వింటే ఊరి పెళ్లి పాటలా హాయిగా ఉంటుంది. 2025 మార్చిలో గ్వాదలహారా పక్కనున్న సపోపాన్‌లో ఒక బృందం తమ పాట వెనక తెరమీద ముఠా నాయకుడు ఎల్ మెంచో బొమ్మ వేసింది. అమెరికా ఆ బృందం వీసాలు రద్దు చేసింది. ఏప్రిల్‌లో తెష్కోకో తిరునాళ్లలో లూయిస్ ఆర్. కోన్రికేజ్ అనే గాయకుడు ఆ పాటలు పాడనన్నాడు. జనం వేదికెక్కి వాయిద్యాలు విరగ్గొట్టారు. అర్థం తెలిస్తే శ్రోత మారతాడని నమ్మేవాళ్లు తెష్కోకో వీడియో చూడాలి. ప్రతి మాటా తెలిసినవాళ్లే అక్కడ ఉన్నది.

దగ్గరకే రండి. తెలుగు పెళ్లిళ్లలో సంగీత్ రాత్రి మోగే పంజాబీ పాటల్లో తుపాకులకేమీ కొదవ లేదు. 2022 మేలో పంజాబీ గాయకుడు సిద్ధూ మూసేవాలా హత్య జరిగాక, ఆ నవంబరులో పంజాబ్ ప్రభుత్వం ఆయుధాల్ని పొగిడే పాటల్ని నిషేధించింది. హైదరాబాద్ ఫంక్షన్ హాళ్లకి ఆ కబురు చేరిన దాఖలా లేదు. పెళ్లికొడుకు మేనమామ ఇప్పటికీ రెండు చేతులూ పైకెత్తి గాల్లోకి కాలుస్తున్నట్టు ఆడుతున్నాడు.

ఒకప్పుడు తెలియదనడం నిజం. క్యాసెట్ అట్టమీద సాహిత్యం ఉంటే స్పానిష్‌లో ఉండేది. ఇప్పుడు పాట నడుస్తుండగానే మాటలు తెరమీద దొర్లుతాయి, రెండు నొక్కులకి అనువాదం వస్తుంది. తెలియలేదన్న సాకుకి కాలం చెల్లింది. అలాగని ప్రతి పాటనీ గుమ్మంలో ఆపి సోదా చేయమనను. కాలికి నచ్చింది ముందు ఆడనిద్దాం. నాలుగోసారి వింటున్నప్పుడు, అది ఎవరినైనా బలి చేస్తోందా అని ఒకసారి చూద్దాం. ఒళ్లు మరిచిన ప్రేమికులైతే నాకు పేచీ లేదు. పద్నాలుగేళ్ల పిల్ల అయితే పాట ఎంత బాగున్నా తీసేస్తాను, దరువు మీద ఎంత మోజు ఉన్నా సరే.

మా ఇంట్లో డెస్పసీతో ఉంది, మకరేనా ఉంది. పిల్లలు పడుకున్నాక గేన్స్‌బూర్ కూడా ఉంటాడు, లాలీపాప్‌ల పాట తప్ప. ప్లస్ 57 లేదు, మార్చిన పాటైనా లేదు. కొరీడోల మీద మా అబ్బాయికీ నాకూ వాదన ఇంకా తెగలేదు. అందులో గిటారు చాలా బాగుంటుందని వాడంటాడు. బాగుంటుంది, నిజమే.