గాలిలో పోవు సమాచారమునకు కాపుదల

మన సంఘపు ఆఫీసులో వైఫై పెట్టినప్పుడు, పెట్టె బిగించినవాడు దాని అడుగున అంటించిన చీటీలోని పాస్‌వర్డునే ఉంచి పోయినాడు. మేమును మార్చలేదు. ఒకనాడు నూలు ఇండెంటు పంపబోగా ఇంటర్నెట్టు కదలలేదు. విచారించగా, మాకు తెలియని ఫోనులు పదకొండు మా పెట్టెను వాడుకొనుచున్నవి. నూలు ఆలస్యమై నాలుగు మగ్గములు రెండు దినములు ఖాళీగా నిలిచినవి. తప్పు కార్యదర్శినైన నాది. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గోడలకు చెవులుండునని పెద్దలందురు. వైఫైకి గోడయే అడ్డు కాదు. అది రేడియో అల. వీధిలోనికిని, పక్క ఇంటిలోనికిని పోవును. కనుక తాళపుచెవి ఉన్నవారికి తప్ప ఇతరులకు అర్థము కాకుండ సమాచారమును మార్చి పంపుదురు.

1997లో వచ్చిన మొదటి తాళము పేరు వెప్. అది సమాచారమును చిన్న పొట్లములు చేసి, ఒక్కొక్క దానికి ఒక అంకె చేర్చి మరుగుపరచెడిది. ఆ అంకెలు మొత్తము 1,67,77,216. రద్దీ ఉన్నచోట అవి కొన్ని గంటలలోనే అయిపోయి, వాడిన అంకెయే మరల వచ్చును. జాకార్డు అట్టలు ఒక చుట్టు తిరిగినచో మరల అదే బుటా పడును గదా! పని తెలిసినవాడు గుడ్డ చూచి అట్టలు కొట్టగలడు. అంతేగాక, కొన్ని అంకెలు తాళపుచెవి గుట్టునే బయటపెట్టునని 2001లో నిపుణులు చూపిరి.

2004లో డబ్ల్యుపిఎ 2 అను గట్టి తాళము వచ్చినది. 2017లో బెల్జియము పరిశోధకుడు మాతీ వాన్‌హోఫ్ అందులోను లోపము కనుగొనెను. మోసగాడు ఫోనును ఏమార్చి, అట్టల చుట్టును మొదటికి త్రిప్పించినట్లు, వాడిన అంకెలనే మరల వాడించగలడు. కంపెనీలు సాఫ్టువేరు సవరించి దీనిని పూడ్చినవి. 2018లో డబ్ల్యుపిఎ 3 వచ్చినది.

మనము చేయవలసినవి:

1. చీటీలోని పాస్‌వర్డును వెంటనే మార్చవలెను. కొత్తది పన్నెండక్షరములకు తగ్గరాదు. సంఘము పేరు, ఫోను నెంబరు పనికిరావు.

2. పెట్టె సెట్టింగులలో డబ్ల్యుపిఎ 2 గాని 3 గాని ఉండవలెను. వెప్ ఉన్నచో తీసివేయవలెను.

3. పెట్టెకును ఫోనుకును వచ్చు అప్‌డేట్లను వాయిదా వేయరాదు. సవరణ మనకు చేరునది వాటి ద్వారానే.

4. ఎగ్జిబిషనులోను, రైల్వే స్టేషనులోను ఉచిత వైఫై పేరు చూచి నమ్మరాదు. అదే పేరుతో ఎవడైనను దొంగ వైఫై పెట్టవచ్చును. డబ్బు లావాదేవీలు సొంత సిమ్ము డేటా మీదనే జరుపుట మేలు.

ఎవరి సొమ్మయినను పోయినచో, సిగ్గుపడక వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయవలెను.

సభ్యులెల్లరు ఈ ఆదివారమే తమ ఇంటి పెట్టెను, పిల్లల సాయముతోనైనను సరే, ఒకసారి చూచుకొనవలెనని మనవి.