చిన్న బ్యాటరీయా, పెద్ద బ్యాటరీయా? షోలాపూర్ నేతవాడల్లో విద్యుత్ కారు కొనేవారికి కొన్ని లెక్కలు

షోలాపూర్ నగరపు తూర్పు భాగం తెలుగువారి నేతవాడలకు పేరెన్నిక గన్నది. తెలంగాణ జిల్లాల నుండి తరతరాల క్రితం వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు సాఖర్ పేఠ, భద్రావతి పేఠ, అశోక్ చౌక్ మొదలుకొని అక్కలకోట రోడ్డులోని నీలంనగర్ వరకు విస్తరించి, షోలాపూర్ చద్దర్లకు, టవళ్లకు దేశమంతటా ఖ్యాతి తెచ్చాయి. ఈ వాడల్లో సొంత కారు ఒకనాడు పెద్ద కార్ఖానాదారులకే పరిమితమైన వస్తువు. నేడు నూలు వ్యాపారి, పది పన్నెండు సాంచాల యజమాని, ఉద్యోగస్థుడైన కుమారుడు గల ఇంటివారు కూడా కారు మాట ఎత్తుతున్నారు. పెట్రోలు ఖర్చును తలచి విద్యుత్ కారు వైపు చూపు సారిస్తున్నారు.

అయితే షోరూములో అడుగు పెట్టిన వెంటనే కొత్త చిక్కు ఎదురవుతుంది. ఒకే పేరు గల కారు నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. చిన్న బ్యాటరీ ఒకటి, పెద్ద బ్యాటరీ ఒకటి. మామూలు చార్జరు ఒకటి, వేగవంతమైన చార్జరు ఒకటి. బ్యాటరీతో కలిపి ఒక ధర, బ్యాటరీని అద్దెకు తీసుకుంటే మరొక ధర. ఒక రకానికి, తరువాతి రకానికి మధ్య యాభై వేలు మొదలుకొని లక్షల వరకు తేడా ఉంటుంది. నేత కుటుంబానికి ఆ సొమ్ము చిన్నది కాదు. కనుక ఏ రకం తీసుకోవాలన్న ప్రశ్నకు సమాధానాన్ని కంపెనీ పత్రంలో కాక మూడు చోట్ల వెదకాలి. అవి: కుటుంబం తిరిగే దారులు, ఇంటి కరెంటు మీటరు, కారు నిలిపే స్థలం.

బ్యాటరీని యూనిట్లలో చదవాలి

విద్యుత్ కారు బ్యాటరీ పరిమాణాన్ని కిలోవాట్ గంటలలో చెబుతారు. మాట కొత్తగా తోచినా కొలత పాతదే. ఒక కిలోవాట్ గంట అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్. ఇది తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్లే.

ఉదాహరణకు టాటా సంస్థ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన టియాగో విద్యుత్ కారును తీసుకుందాం. అందులో ఒక రకానికి 19.2 యూనిట్ల బ్యాటరీ, మరొక రకానికి 24 యూనిట్ల బ్యాటరీ అమర్చారు. ఒకసారి పూర్తిగా చార్జి చేస్తే మొదటిది 250 కిలోమీటర్లు, రెండవది 315 కిలోమీటర్లు నడుస్తుందని నాడు ప్రకటించారు. భాగించి చూస్తే రెండింటికీ యూనిట్‌కు ఇంచుమించు 13 కిలోమీటర్లు వస్తుంది.

ఈ అంకె అబద్ధం కాదు. కాని అది పరీక్షశాలలో కారును రోలర్ల మీద నిలిపి, నిర్ణీత వేగాలతో, ఏసీ లేకుండా నడిపి తేల్చిన అంకె. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే షోలాపూర్ ఎండలో ఏసీ వేసుకొని, నలుగురిని ఎక్కించుకొని నడిపే కారుకు అది వర్తించదు. ఇటువంటి చిన్న కారుకు ఊరిలో, చుట్టుపక్కల యూనిట్‌కు 8 కిలోమీటర్లు, జాతీయ రహదారి మీద 7 కిలోమీటర్లు అని లెక్క వేసుకోవడం క్షేమం. ఆ ప్రకారం చిన్న బ్యాటరీ ఊరిలో సుమారు 154 కిలోమీటర్లు, పెద్ద బ్యాటరీ 192 కిలోమీటర్లు నడుస్తాయి. విడుదల నాటి ధరల్లో, ఇతర సౌకర్యాలు సమానంగా ఉన్నప్పుడు, ఈ రెండు బ్యాటరీల మధ్య తేడా 90 వేల రూపాయలు. అనగా 38 కిలోమీటర్ల అదనపు దూరానికి 90 వేలు. ధరలు మారుతూ ఉంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు. ఏ సంస్థ కారుకైనా ఇదే రీతిలో చూసుకోవచ్చు.

దారులను కాగితం మీద పెట్టాలి

ఆ 38 కిలోమీటర్లు అవసరమా, కాదా అన్నది తిరిగే దారి చెబుతుంది. ఇంటి నుండి అక్కలకోట రోడ్డు పారిశ్రామిక వాడకు, అక్కడి నుండి అద్దకపు కార్ఖానాకు, మార్కెట్టుకు, సాయంత్రం పిల్లల ట్యూషనుకు తిరిగినా రోజుకు 30 కిలోమీటర్లు దాటడం అరుదు. దానికి నాలుగు యూనిట్లు చాలును. ఈ పనికి చిన్న బ్యాటరీ కూడా నాలుగు రోజులకు సరిపోతుంది.

తరువాత పుణ్యక్షేత్రాలు. తుల్జాపూర్ సుమారు 45 కిలోమీటర్లు, అక్కలకోట సుమారు 40 కిలోమీటర్లు. వెళ్లి రావడానికి 90 కిలోమీటర్ల లోపే కనుక రెండు రకాలూ నిశ్చింతగా పనికివస్తాయి. పండరీపురం సంగతి వేరు. ఇది సుమారు 75 కిలోమీటర్లు, రాకపోకలకు 150. చిన్న బ్యాటరీకి ఈ దూరం అంచు మీద నడక వంటిది. దారిలో ఎక్కడో ఒకచోట చార్జి చేయక తప్పదు. పెద్ద బ్యాటరీతో మధ్యలో ఆగకుండా ఇల్లు చేరవచ్చు. కనుక ప్రతి ఏకాదశికి పండరికి పోయే కుటుంబానికి, వారం వారం ఆ దిక్కున సరుకు వసూళ్లకు పోయే వ్యాపారికి పెద్ద బ్యాటరీ న్యాయమైన ఖర్చు. ఏడాదికి ఒకసారి పోయేవారికి మాత్రం ఆ 90 వేలు వృథా.

హైదరాబాదు ప్రశ్న

నేతవాడల్లో కారు మాట వచ్చినప్పుడు పెద్దలు ముందుగా అడిగేది ఒకటే: "హైదరాబాదుకు పోతుందా?" పెళ్లిళ్లు, చావు పుట్టుకలు, బంధుత్వాలు తెలంగాణతో ముడిపడి ఉన్నందున ఈ ప్రశ్న సహజం. 65వ నంబరు జాతీయ రహదారి మీద షోలాపూర్ నుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. కరీంనగర్‌కో, వరంగల్‌కో పోవాలంటే మరొక 150 కిలోమీటర్లు కలుపుకోవాలి.

రహదారి మీద యూనిట్‌కు 7 కిలోమీటర్లు అనుకుందాం. బ్యాటరీ పూర్తిగా అడుగంటే వరకు నడపరాదు. పదో వంతు మిగలగానే ఆగాలి. వేగవంతమైన చార్జింగ్ కేంద్రాల్లో 80 శాతం దాటిన తరువాత చార్జింగ్ మందగిస్తుంది కనుక అక్కడికే బయలుదేరాలి. ఈ నియమాలతో చిన్న బ్యాటరీ కారు మొదటి మజిలీలో 121 కిలోమీటర్లు, ఆపై ఒక్కొక్క మజిలీకి 94 కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు చేరేలోగా రెండుసార్లు ఆగాలి. పెద్ద బ్యాటరీ కారు మొదట 151, ఆపై 118 కిలోమీటర్లు పోతుంది. రెండూ కలిపితే 269. అనగా అదీ రెండుసార్లు ఆగవలసిందే!

కనుక హైదరాబాదు కోసమని 19 యూనిట్లకు బదులు 24 యూనిట్ల రకాన్ని కొనడం వల్ల ప్రయోజనం స్వల్పం. నిజంగా ఆ దారి మీద తరచుగా తిరిగేవారు పై తరగతి కారును చూడాలి. ఉదాహరణకు టాటా నెక్సాన్‌లో 2024లో వచ్చిన 45 యూనిట్ల రకం. బరువైన కారు కనుక యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లే లెక్క వేసినా ఒక్కసారి ఆగితే సరిపోతుంది. ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే పోయే కుటుంబం ఆ రెండు మూడు ప్రయాణాలను రైలులోనో, అద్దె వాహనంలోనో చేసి, చిన్న కారుతో మిగతా రోజులు గడుపుకోవడమే లాభసాటి.

చార్జరు ఎంపిక: మీటరు చెప్పే మాట

రెండవ తేడా చార్జరు సామర్థ్యంలో ఉంటుంది. టియాగోలో 3.3 కిలోవాట్ల చార్జరు, 7.2 కిలోవాట్ల చార్జరు అని రెండు రకాలు ఇచ్చారు. తేడా నాటి ధరల్లో 50 వేల రూపాయలు. మొదటిది 15 ఆంపియర్ల సాకెట్టుతో పనిచేస్తుంది. పూర్తిగా ఖాళీ అయిన 24 యూనిట్ల బ్యాటరీని నింపడానికి దానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. రోజుకు నాలుగు యూనిట్లు వాడే కారుకు గంటన్నర చాలు. రాత్రంతా ఇంటి ముందు నిలిచే కారుకు రెండవ రకం అవసరం ఉండదు. పగలు రెండు మూడు విడతలుగా ఎక్కువ దూరం తిరిగేవారికే అది ఉపయోగం.

పైగా 7.2 కిలోవాట్ల చార్జరు 32 ఆంపియర్ల వరకు కరెంటు లాగుతుంది. మహావితరణ్ బిల్లు మీద మరాఠీలో 'మంజూర్ భార్' అనే అంకె ఉంటుంది. ఇంటికి ఎంత లోడు మంజూరైందో అది తెలుపుతుంది. అక్కడ ఒకటి రెండు కిలోవాట్లే ఉంటే చిన్న చార్జరుకు సైతం లోడు పెంచుకోవలసి వస్తుంది. పెద్ద చార్జరుకైతే సర్వీసు తీగ, మీటరు కూడా మార్చవలసి రావచ్చు. ఆ ఖర్చును కారు ధరలో కలిపి చూడాలి.

'ఫాస్ట్ చార్జింగ్' అనే మాట కూడా అందరి నోటా ఒకే అర్థంలో ఉండదు. ఎం.జి. కామెట్ కారులో 2024లో ఆ పేరుతో వచ్చిన రకం 7.4 కిలోవాట్ల ఇంటి తరహా చార్జింగ్‌కు మాత్రమే సంబంధించినది. రహదారి పక్కన గంటలోపు బ్యాటరీ నింపే డీసీ కేంద్రాల మాట వేరు. కొనేవారు "డీసీ కేంద్రంలో పెట్టవచ్చునా?" అని స్పష్టంగా అడగాలి.

బిల్లు విషయంలో ఒక అపోహ తొలగాలి. పెద్ద బ్యాటరీ కొంటే కరెంటు ఎక్కువ కాలుతుందని కొందరు భయపడతారు. పెద్ద కుండ తెచ్చినంత మాత్రాన ఇంటివారి దాహం పెరగదు. నెలకు 750 కిలోమీటర్లు తిరిగితే, చార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి, ఏ రకానికైనా సుమారు 105 యూనిట్లు అవుతుంది. అయితే గృహ విద్యుత్తుకు 100, 300, 500 యూనిట్ల వద్ద ధర మారుతుంది. నెలకు 90 యూనిట్లు వాడే ఇల్లు కారు రాకతో 195కు చేరి పై శ్రేణిలో పడుతుంది. పెట్రోలుతో పోల్చేటప్పుడు పాత బిల్లులోని ధరతో కాక ఆ పై శ్రేణి ధరతోనే పోల్చాలి.

సాంచాల పక్కన చార్జింగ్ వద్దు

నేతవాడల్లో ఇల్లు, కార్ఖానా ఒకే కప్పు కింద ఉండటం పరిపాటి. సాంచాలకు మూడు ఫేజుల కనెక్షను ఎలాగూ ఉంది కదా అని అక్కడి నుండే కారుకు తీగ లాగాలనే ఆలోచన కలగవచ్చు. ఇది రెండు విధాల ప్రమాదం. మొదటిది చట్టపరమైనది. మరమగ్గాల కనెక్షనుకు ప్రత్యేక రాయితీ ధర ఉంటుంది. మంజూరు చేసిన పనికి కాక వేరే పనికి విద్యుత్తు వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద రెండింతల ధర విధించవచ్చు. మహావితరణ్ కార్యాలయం నుండి వ్రాతపూర్వకమైన సమాధానం లేనిదే ఆ మీటరును ముట్టరాదు.

రెండవది ప్రాణాపాయం. కార్ఖానాలో నూలు నుసి గోడల మీద, స్విచ్చుబోర్డుల మీద పేరుకొని ఉంటుంది. వదులైన సాకెట్టు గంటల తరబడి కరెంటు లాగితే వేడెక్కుతుంది. నుసికి నిప్పు రవ్వ చాలు. 2025 మే 18న అక్కలకోట రోడ్డు పారిశ్రామిక వాడలోని టవళ్ల కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదం ఎనిమిది మందిని బలిగొన్నది. నూలు ఉన్నచోట మంట ఎంత త్వరగా వ్యాపిస్తుందో ఈ వాడలకు ఎవరూ చెప్పనక్కరలేదు. కారుకు మీటరు నుండి విడిగా తీగ, మంచి ఎర్తింగు, లీకేజీ కరెంటును పట్టే ఆర్.సి.సి.బి. స్విచ్చు తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బోర్డును సందుకు అడ్డంగా లాగడం ఎంతమాత్రం తగదు. కారును ఇంటి ఆవరణలో నిలిపే చోటు లేనివారు ముందు ఆ చోటును సంపాదించుకొని, తరువాతనే విద్యుత్ కారు సంగతి తలపెట్టాలి.

అద్దె బ్యాటరీ, రాయితీల మాట

ఎం.జి. విండ్సర్ కారును 2024 సెప్టెంబరులో రెండు విధాల అమ్మకానికి పెట్టారు. బ్యాటరీతో కలిపి 13.50 లక్షలు, లేదా 9.99 లక్షలు చెల్లించి, నడిచిన ప్రతి కిలోమీటరుకు మూడున్నర రూపాయల బ్యాటరీ అద్దె. ముందుగా మిగిలేది 3.51 లక్షలు. మూడున్నరతో భాగిస్తే సుమారు ఒక లక్ష కిలోమీటర్లు. వడ్డీని పక్కన పెడితే, అంతకంటే ఎక్కువ తిరిగేవారికి సొంత బ్యాటరీ మేలు. తక్కువ తిరిగేవారికి అద్దె మేలు. అయితే నెలకు ఇన్ని కిలోమీటర్ల అద్దె కట్టి తీరాలనే కనీస నిబంధన ఒప్పందంలో ఉంటే ఈ లెక్క తలకిందులవుతుంది. 750 కిలోమీటర్లు తిరిగే ఇల్లు 1500 కిలోమీటర్లకు అద్దె కట్టడం ఏమి లాభం? సంతకానికి ముందు ఆ పేజీని చదివించుకోవాలి.

రాయితీల విషయంలో పాత మాటలు నమ్మరాదు. విద్యుత్ వాహన రుణంపై వడ్డీకి ఆదాయపు పన్నులో ఇచ్చిన 80ఈఈబీ మినహాయింపు 2023 మార్చి 31 వరకు మంజూరైన రుణాలకే పరిమితం. విద్యుత్ కారుపై జీఎస్టీ 2019 ఆగస్టు నుండి 5 శాతం. కాని 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై జీఎస్టీ 28 నుండి 18 శాతానికి దిగినందున ధరల మధ్య దూరం తగ్గింది. తక్కువ తిరిగేవారు పెట్రోలు కారు ధరను కూడా ఒకసారి పక్కన పెట్టి చూడటం మంచిది.

మొత్తం మీద క్రమం ఇది. ముందు కారు నిలిపే స్థలం, ఆపై మంజూరైన లోడు, ఆపై ఒక నెల దారుల పట్టిక; చివరనే షోరూము. ఆ క్రమంలో పోయేవారికి ఏ రకం కావాలో అమ్మేవాడు చెప్పనవసరం లేదు. దుప్పటి ఉన్నంత వరకే కాళ్లు చాచాలని తెలుగులో ఒక సామెత. 'అంథరూణ్ పాహూన్ పాయ్ పసరావే' అని మరాఠీవారూ అదే అంటారు. చద్దర్లు నేసే ఊరికి ఈ కొలత కొత్తది కాదు.