పడవెందుకు... గట్టుండగా!

బాస్ అంటే ఆఫీసులో ఉండే బాస్ కాదండీ, అమెరికా చెరువుల్లో తిరిగే చేప. పచ్చటి ఒళ్లు, పక్కన నల్లటి చార, కంటిని దాటిపోయేంత నోరు. అందుకే దాన్ని ‘లార్జ్ మౌత్ బాస్’ అంటారు. మన పండుగప్పని కూడా ఇంగ్లీషులో సీబాస్ అంటారు గానీ ఈ రెండింటికీ దగ్గర చుట్టరికం లేదు. చేపను కడిగి ముక్కలు కొయ్యడమే తప్ప పట్టడం ఎరగని నేను ఈ పెద్దనోటి దాని వెంటపడి మూణ్నెల్లలో మూడొందల డాలర్లు తగలేశాను. అదీ చేతిలో సొంత సంపాదన పైసా లేని రోజుల్లో!

2012లో డల్లాస్ దగ్గరికి వచ్చాం. మావారు ఆఫీసుకీ, బాబు స్కూలుకీ వెళ్లాక నేనూ, నాలుగు గోడలూ మిగిలేవాళ్లం. డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లలో చాలామందికి అప్పట్లో ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. 2015లో గానీ కొంతమందికి ఆ అనుమతి రాలేదు. బాబుకి పదకొండేళ్లు వచ్చేసరికి మాటలు కూడా తగ్గిపోయాయి. స్కూల్లో ఏం జరిగిందిరా అంటే ‘ఫైన్’ అనేవాడు. అంతే, తలుపు వేసుకునేవాడు. అలాంటి పిల్లాడు 2014 జనవరిలో ఓరోజు తనంతట తనే వచ్చి, “అమ్మా, మన వెనకాల చెరువులో చేపలు పడదామా?” అన్నాడు. ఇంకేం కావాలి నాకు?

బయల్దేరి షాపుకెళ్లాం. ఒక గోడ గోడంతా ఉత్తుత్తి ఎరలే! ఎర్రవి, ఆకుపచ్చవి, మెరుపులద్దినవి, గలగలలాడేవి. నాకైతే గాజుల కొట్టులో నిలబడ్డట్టే ఉంది. బాబు ఒకటి తీస్తే నేను రెండు తీశాను. తర్వాతి వారం మళ్లీ వెళ్లాం. ఒక్కోటి ఏడెనిమిది డాలర్లు. బిల్లుల్లో సగం మావారికి చూపించకుండా బియ్యం డబ్బా వెనక దోపాను. ఆ ఎరలేమో కొన్ని నాచులో ఇరుక్కుని తెగిపోయాయి, కొన్ని చెట్టుకొమ్మకి వేలాడుతూ ఉండిపోయాయి. చేప మాత్రం ఒక్కటీ లేదు.

అమ్మ చూసిన చూపు

ఏప్రిల్లో అమ్మ అమలాపురం నుంచి వచ్చింది. ఓ సాయంత్రం మాతో పాటు గట్టు మీద కుర్చీ వేసుకు కూర్చుంది. నేను బలం కొద్దీ నడి చెరువులోకి విసురుతుంటే కాసేపు చూసి, “అక్కడేముందే? మీ నాన్నగారు కొర్రమీనుకి గట్టు వారనే, గుర్రపుడెక్క పక్కనే కప్పపిల్లను వేసేవారు. నువ్వేంటి, దొంగల మీదికి రాళ్లేసినట్టు విసురుతున్నావు?” అంది.

నాకు నవ్వొచ్చింది గానీ ఆవిడ మాటలో చాలా ఉంది. కొర్రమీనులాగే బాస్ కూడా పొంచి ఉండి మీద పడే రకం. తుంగ, పడిపోయిన చెట్టు, చెక్క వంతెన నీడ... ఏదో ఒక చాటు దానికి కావాలి. ఆ చాట్లన్నీ ఎక్కువగా ఒడ్డునే ఉంటాయి. పడవలో ఉన్నవాళ్లు చూడండి, గట్టువైపుకే విసురుతారు. గట్టు మీద ఉన్న మనం మాత్రం నడి నీళ్లలోకి విసిరి, మన కాళ్ల దగ్గరున్న చేపను అడుగుల చప్పుడుతో తరిమేస్తాం. కాబట్టి నీళ్లకి రెండుమూడు గజాలు ఎడంగా ఆగిపొండి. ముందు గట్టు వెంబడే, ఒడ్డుకి సమాంతరంగా రెండు మూడుసార్లు వెయ్యండి. ఆ తర్వాతే నీళ్లంచుకి వెళ్లండి. అమ్మ చెప్పినట్టు చేసిన అరగంటలో బాబు గాలం వంగింది. రెండు పౌన్లుంటుందేమో. వాడు అరిచిన అరుపుకి బాతులన్నీ లేచిపోయాయి.

అయితే ఘనతంతా అమ్మకే కట్టబెడితే ఋతువుకి అన్యాయం చేసినట్టే. చలికాలంలో బాస్ లోతుకు పోయి మందంగా ఉంటుంది. వసంతంలో నీళ్లు వెచ్చబడి అరవై డిగ్రీల ఫారెన్‌హీటు దాటుతుంటే గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తుంది. గట్టు మీది వాళ్లకి అదే పండగ. ఎండలు ముదిరాక తెల్లవారుజామునా, పొద్దు వాలాకా వెళ్లాలి.

ఏవి కొనాలి?

ఒక్కటే కొనే స్తోమత ఉంటే కళ్లు మూసుకుని మెత్తటి ప్లాస్టిక్ వానపాముల పొట్లం కొనండి. దీని పుట్టుక మన వంటింటి తరహాయే. ఒహైయోలోని యాక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా 1949 ప్రాంతంలో ఇంట్లోనే ప్లాస్టిక్ కరిగించి, వానపాము అచ్చులో పోసి అమ్మకం మొదలెట్టారు. చెక్క ఎరల్లోనూ ఇలాంటి కథ ఉంది. ఫిన్లాండులో లౌరి రాపాలా 1936లో చెప్పులు కుట్టే కత్తితో బెండు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి తన మొదటి ఎర తయారుచేశాడు. షాపు గోడ నిండా వేలాడే సరుకు వెనక ఇంత చిన్న సరంజామా ఉందన్నమాట.

వానపామును గుచ్చడం పిన్నీసు పెట్టడం లాంటిదే. ముందు బుల్లెట్ ఆకారపు చిన్న బరువును దారానికి ఎక్కించి, దాని కింద కొక్కెం ముడెయ్యండి. కొక్కెం మొనను పాము తలలో పావంగుళం దూర్చి పక్కకి లాగండి. కొక్కేన్ని తిప్పి మొనను మళ్లీ పాము ఒంట్లోనే దాచెయ్యండి. మొన బయటికి లేదు గనక నాచులో తగులుకోదు. దీన్ని ‘టెక్సాస్ రిగ్’ అంటారు. వేశాక అది అడుక్కి దిగేదాకా ఆగండి. గాలం కొసను నెమ్మదిగా జానెడెత్తి మళ్లీ దించండి. చాలాసార్లు అది కిందికి జారుతున్నప్పుడే చేప అందుకుంటుంది. చేతికి ‘టక్’మని తెలుస్తుంది, లేదా దారం పక్కకి జరుగుతుంది. మన తొందరే దీనికి శత్రువు. నేను పులుసు కలిపినట్టు గబగబా తిప్పేస్తుంటే, మూడు మాటలకి మించి మాట్లాడని మా అబ్బాయి “ఆగమ్మా... ఇంకా ఆగు... ఇప్పుడు లాగు!” అని ఊపిరి బిగబట్టి చెప్పేవాడు. ఆ మాటల కోసం కావాలనే ఒకట్రెండుసార్లు తొందరపడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వాన పడి నీళ్లు బురదగా ఉన్నా, గాలికి అలలు లేస్తున్నా తిరిగే రేకులున్న ‘స్పిన్నర్‌బెయిట్’ మంచిది. చేప దాన్ని సరిగా చూడలేకపోయినా, పక్కలనుండే సన్నటి గీతతో నీటి కదలికను పసిగడుతుంది. రంగుకి కూడా నీటినే చూడండి. తేట నీళ్లకి నాచు రంగు, గోధుమ రంగు, బురద నీళ్లకి నలుపు, నలుపూనీలం లేదా కొట్టొచ్చినట్టుండే నిమ్మపండు రంగు. తామరాకులు కప్పేసిన చోటికి రబ్బరు కప్ప. చేప దాన్ని ‘ధబ్’మని అందుకోగానే లాగేస్తే కప్ప ఒక్కటే ఎగిరి మొహం మీదికి వస్తుంది. ఒక్క క్షణం ఆగి, బరువు తెలిశాక లాగండి. గట్టు మీద ఇంతకు మించి అక్కర్లేదని నా అభిప్రాయం. మూడేసి మొనల కొక్కేలు రెండుండే చెక్కచేపలు ముచ్చటగా ఉంటాయి గానీ నాచులోకి విసిరితే ఏడెనిమిది డాలర్లు నీళ్లపాలే.

పైగా ఆ మూడు మొనలు ప్రమాదం. నేను వెనక్కి చూసుకోకుండా విసరబోతే ఒకటి నా చున్నీలో దిగబడింది. అదే బాబు కంటికి తగిలి ఉంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచీ చున్నీ నడుముకి బిగించాలి, ఇద్దరికీ కళ్లద్దాలుండాలి, కొక్కేల ముళ్లను పట్టకారుతో నొక్కెయ్యాలి. ముల్లు లేకపోతే చేప నోట్లోంచీ తేలిగ్గా వస్తుంది, మన వేల్లోంచీ వస్తుంది.

ఇక, టెక్సాస్‌లో పదిహేడేళ్లు నిండనివాళ్లకి లైసెన్సు అక్కర్లేదు, పెద్దవాళ్లకి కావాలి. ఇంటికి తెచ్చుకోవాలంటే మామూలుగా బాస్ పద్నాలుగంగుళాలుండాలి, రోజుకి అయిదే. చెరువును బట్టి రూలు మారుతుంది గనక గట్టు మీది బోర్డు చదవండి. వసంతంలో పట్టినదాన్ని మాత్రం వెంటనే వదిలెయ్యమంటాను. గుడ్లకి కాపలా కాసేది మగచేప. అది లేచిపోతే చిన్న చేపలు గూడు మీద పడి తినేస్తాయి. తెగిన దారం, చిరిగిన ప్లాస్టిక్ పాములు గట్టున వదలకండి, బాతుల కాళ్లకీ నోటికీ అవే అడ్డం పడతాయి.

‘ఆడవాళ్లకెందుకీ గాలాలు’ అని మన పార్టీల్లో అన్నవాళ్లున్నారు. అదే టెక్సాస్‌లో షుగర్ ఫెర్రిస్ అనే ఆవిడ 1976లోనే ‘బాస్‌న్ గాల్’ పేరుతో ఆడవాళ్లకి ప్రత్యేకంగా బాస్ పోటీలు మొదలెట్టి, ఇరవై ఏళ్లకు పైగా నడిపింది. ఆ సంగతి తెలిశాక నేనూ బియ్యం డబ్బా వెనకున్న బిల్లులు తీసి మావారి ముందు పెట్టాను. ఆయన వరసగా కూడుకుంటూ వెళ్లి, చివర్న “ఇంతకీ ఎన్ని పట్టారు?” అన్నారు. “రెండు” అన్నాను. “ఒక్కోటి నూటయాభై,” అని లేచి వెళ్లి, మర్నాటి సాయంత్రం ఆయనా గట్టుకొచ్చారు.

బాబు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ వేరే ఊళ్లో ఉన్నాడు. ఫోన్లో ఇప్పటికీ ‘ఫైన్’ అనే అంటాడు గానీ చెరువు నీళ్లు ఏ రంగులో ఉన్నాయని మాత్రం అడుగుతాడు. అమ్మ ఇప్పటికీ అడిగేది వేరు. “పట్టిందాన్ని పట్టినట్టు వదిలేస్తుంటే, ఇంతకీ పులుసెప్పుడే?”