ఇంజనీరింగ్ ఫిజిక్సా? అదేం చదువు?

పోయిన శీతాకాలంలో మా అన్నయ్య కూతురు యూనివర్సిటీలకు దరఖాస్తులు నింపుతూ, చదవదలచిన విషయం అన్నచోట ‘ఇంజనీరింగ్ ఫిజిక్స్’ అని రాసింది. రెండు రోజులపాటు ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అన్నయ్య సాఫ్ట్‌వేర్ మనిషి, కంప్యూటర్ సైన్సు అంటే సంతోషించేవాడు. మేమిద్దరం డాక్టర్లం కనుక, నచ్చచెబుతామన్న ఆశతో వదిన మావైపు చూసింది. మేమూ తక్కువ తినలేదు. “ఫిజిక్సు చదివితే పాఠాలు చెప్పుకోవచ్చు, ఇంజనీరింగు చదివితే ఇంజనీరువవుతావు, రెండూ కలిపితే ఏమవుతావో మాకు తెలీదమ్మా” అన్నాం. “మీరు రోజూ రాసే సీటీ స్కాను ఎవరు కనిపెట్టారు బాబాయ్?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తన గదిలోకి వెళ్ళిపోయింది.

నిజానికి మా దగ్గర జవాబు లేదు. ఇంటర్లో బైపీసీ తీసుకున్న నాడే లెక్కలకు నమస్కారం పెట్టినవాళ్ళం. ఫిజిక్సు ఎంసెట్ కోసం బట్టీపట్టి, పరీక్ష అయిన మర్నాడే మరచిపోయాం. ఆ ప్రశ్న గుచ్చుకుంది కనుక సెలవు రోజున కూర్చుని చదివాం.

ఎక్స్‌రేలు కనిపెట్టిన రాంట్‌జెన్ జ్యూరిక్‌లో చదివింది మెకానికల్ ఇంజనీరింగు. సీటీ వెనకాల లెక్క కట్టిన అలాన్ కోర్మాక్ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరి, మధ్యలో ఫిజిక్సుకు మారాడు. 1956లో అక్కడి గ్రూట్ షూర్ ఆస్పత్రిలో కొద్దికాలం పనిచేస్తూ ఒక సంగతి గమనించాడు: రేడియేషన్ మోతాదు లెక్కకట్టేటప్పుడు ఎముకా, ఊపిరితిత్తీ, కండా అంతా ఒకే పదార్థం అన్నట్టు లెక్కేస్తున్నారు. శరీరం లోపల ఎక్కడ ఎంత కిరణం ఆగిపోతోందో బయటినుంచి కొలిచి తేల్చలేమా అనుకున్నాడు. ఆ లెక్కను 1963, 64లలో ‘జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఫిజిక్స్’లో అచ్చువేస్తే దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ్లండులో గ్రామఫోను రికార్డులకు పేరుపడ్డ ఈఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అదే సమస్యను తన దారిలో సాధించి మిషను తయారుచేశాడు. 1971లో లండనులో మొదటి రోగి తల స్కాను చేశారు. 1979లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి ఈ ఇద్దరికీ వచ్చింది. ఇద్దరిలో ఒక్కరూ డాక్టరు కాదు! నీటికి సున్న, గాలికి మైనస్ వెయ్యి అని మేం రోజూ వల్లించే అంకెలకు హౌన్స్‌ఫీల్డ్ పేరే ఉంది. ఆ మనిషి ఎవరని ఏనాడూ అడగలేదు.

ఈ చదువు కొత్తదీ కాదు. కెనడాలో టొరంటో యూనివర్సిటీ 1934లోనే మొదలుపెట్టింది. అమెరికాలో కార్నెల్ 1946లో ప్రారంభించింది. ఇప్పుడు మన హైదరాబాదు ఐఐటీలోనూ ఉంది.

మార్చిలో పిల్లను వెంటబెట్టుకుని ఒక యూనివర్సిటీ చూడడానికి వెళ్ళాం. లాబులో మూడో సంవత్సరం కుర్రవాడు లేజరు కాంతిని అద్దాల మధ్యనుంచి పోనిచ్చి కొలుస్తున్నాడు. కొలతలో ఏదో వణుకు వస్తోందనీ, దాన్ని వదిలించడానికి మూడు వారాలు పట్టిందనీ చెప్పాడు. చివరికి తేలిందేమిటంటే, గోడలోని కరెంటు తాలూకు 60 సైకిళ్ళ రొద, ఎర్తింగు సరిగ్గా లేక లోపలికి దూరుతోందట. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈసీజీ కాగితం మీద మమ్మల్ని ఏడిపించేదీ అదే వణుకు. మేం నర్సును పిలిచి తీగలు మళ్ళీ పెట్టమంటాం, అంతే. అది ఎక్కడినుంచి వస్తోందని ఈ కుర్రవాడు మూడు వారాలు వెతికాడు. ఈ చదువంటే ఏమిటో మాకు అక్కడ అర్థమైంది.

మొదటి రెండేళ్ళూ కాల్క్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం. ఆ తర్వాత క్వాంటం, ఆప్టిక్స్, ఎలక్ట్రానిక్స్, ఆఖరున సొంత ప్రాజెక్టు. తేలిక కాదు. ఉద్యోగ ప్రకటనల్లో ఈ డిగ్రీ పేరు అరుదుగా కనబడుతుంది. సెమికండక్టర్లు, లేజర్లు, కొలత పరికరాలు అని వేరే పేర్ల కింద వెతుక్కోవాలి. చాలామంది పైచదువులకు వెళతారు. మాలాగా ఆస్పత్రిలో పనిచేయాలంటే మెడికల్ ఫిజిక్సులో ఎమ్మెస్సో, పీహెచ్‌డీయో చేసి, పైన రెసిడెన్సీ కూడా చేయాలి. 2014 నుంచి అమెరికాలో బోర్డు పరీక్షకు అది తప్పనిసరి. (రెసిడెన్సీ బాధ మాకొక్కరికే అనుకున్నాం.) ఇంకొక సంగతి: కొన్నిచోట్ల ఈ శాఖ ఇంజనీరింగ్ కాలేజీలో ఉంటుంది, కొన్నిచోట్ల సైన్సు వైపు ఉంటుంది. ముందుముందు ఇంజనీరు లైసెన్సు కావాలనుకునేవారు ఎబెట్ గుర్తింపు ఉందో లేదో చేరకముందే అడగాలి. మేం రెండుచోట్ల అడిగితే రెండు జవాబులు వచ్చాయి.

ఇవన్నీ అన్నయ్య ముందు పెట్టాం. ట్రాన్సిస్టరు కనిపెట్టినవారిలో ఒకడైన జాన్ బార్డీన్ మొదట చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగనీ, ఫిజిక్సులో రెండు నోబెళ్ళు, 1956లో ఒకటీ 1972లో ఒకటీ, తీసుకున్నాడనీ చెప్పాం. “అందరూ బార్డీన్‌లు అవుతారట్రా?” అన్నాడు. ఆ మాటా నిజమే. మేం చదివిన క్లాసులో మాత్రం అందరం గొప్ప డాక్టర్లమయ్యామా? పిల్లకు మేం అన్న మొదటి మాటకు క్షమాపణ చెప్పుకున్నాం. కంప్యూటర్ కోర్సులు రెండు తీసుకునే షరతు మీద అన్నయ్య సంతకం పెట్టాడు.

ఆగస్టులో వెళుతోంది. అంతవరకు ఆదివారాలు మన బాలబడిలోనే ఉంటుంది. ఈ చదువు గురించి తెలుసుకోదలచిన పిల్లలు వచ్చి మాట్లాడవచ్చు. పెద్దవాళ్ళూ రావచ్చుగాని, జీతం ఎంతొస్తుందన్నది మాత్రం మొదటి ప్రశ్నగా అడగవద్దని మనవి.