పెరటి తోటలో వారసత్వ బ్రోకలీ: సాగు, విత్తన రక్షణ

ఇటీవలి కాలంలో మన పట్టణాలలోని పెరటి తోటలలోను, మిద్దె తోటలలోను బ్రోకలీ సాగు పెరుగుతున్నది. విపణిలో లభించే విత్తనంలో అధికభాగం సంకర రకాలకు చెందినదే. మడి అంతా ఒకేసారి, ఒకే పరిమాణంలో కోతకు రావడం వాణిజ్య రైతుకు లాభదాయకం. కాని నలుగురున్న కుటుంబానికి ఒకే వారంలో పది పువ్వులు చేతికందడం వలన ప్రయోజనం స్వల్పం. ఈ దృష్ట్యా, తరతరాలుగా స్వేచ్ఛా పరాగ సంపర్కం ద్వారా నిలిచి వస్తున్న వారసత్వ రకాలను పరిశీలించడం సముచితం.

రకాల ఎంపిక

బ్రోకలీ జన్మస్థానం మధ్యధరా ప్రాంతం. దక్షిణ ఇటలీలోని కలాబ్రియా పేరిట వచ్చిన కలాబ్రీస్, అదే దేశానికి చెందిన డి చిక్కో ప్రసిద్ధ వారసత్వ రకాలు. అమెరికాలో మసాచుసెట్స్‌లోని వాల్థమ్ పరిశోధన క్షేత్రం నుండి 1950వ దశకంలో వెలువడిన వాల్థమ్ 29 కూడ నేడు ఈ కోవలోనే పరిగణింపబడుతున్నది. డి చిక్కోలో నడిమి పువ్వు చిన్నది. దానిని కోసిన పిదప కొన్ని వారాలపాటు పక్క పిలకలు వస్తూనే ఉంటాయి. ఇంటి అవసరానికి తగిన లక్షణమిదే. ఊదారంగు పిలకల బ్రోకలీ పూతకు దీర్ఘకాలపు చలి అవసరం గనుక మన మైదాన ప్రాంతాలకు అనుకూలించదు.

సాగు

పువ్వు ఏర్పడే దశలో 15–20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. 25 డిగ్రీలు దాటితే మొగ్గలు వదులై, పువ్వు మధ్య ఆకులు పొడుచుకువస్తాయి. కావున మైదాన జిల్లాలలో సెప్టెంబరు చివర నుండి అక్టోబరులోగా నారు పోసి, 25–30 రోజుల నారును నాటుకోవాలి. మొక్కల మధ్య 45 సెం.మీ., వరుసల మధ్య 60 సెం.మీ. దూరం పాటించాలి. మిద్దె తోటలో మొక్కకు కనీసం 15 లీటర్ల కుండీ అవసరం. బోరాన్ లోపించిన నేలలలో కాండం బోలుగా మారుతుంది. నాటే ముందు చదరపు మీటరుకు 1 గ్రాము బోరాక్స్ వేస్తే చాలును. మోతాదు మించితే హాని.

డైమండ్ రెక్కల పురుగు ప్రధాన శత్రువు. మడి అంచున ఆవాలు ఎర పంటగా వేసి, 5 శాతం వేపగింజల కషాయం పిచికారీ చేయాలి. మొగ్గలు పసుపు రంగుకు తిరగకముందే పువ్వును 10–15 సెం.మీ. కాడతో కోయాలి.

విత్తనం నిలిచేదెట్లు?

వారసత్వ రకాలను పరిచయం చేసేటప్పుడు, ఒకసారి కొంటే విత్తనం శాశ్వతంగా మీదేనని చెప్పడం పరిపాటి. ఈ మాట అర్ధసత్యం. బ్రోకలీకి స్వీయ అననుకూలత ఉంది. సాధారణంగా ఒక మొక్క పుప్పొడి అదే మొక్క పూలను ఫలవంతం చేయలేదు. ఒంటరి మొక్క విరగబూసినా కాయలు దాదాపు కట్టవు. రెండు మూడు మొక్కల విత్తనాన్నే ఏటేటా వాడితే అంతఃప్రజనన క్షీణత వలన కొద్ది తరాలలోనే పంట బలహీనపడుతుంది. కనీసం 20 మొక్కల నుండి, వీలైతే 50కి పైగా మొక్కల నుండి విత్తనం సేకరించాలి. ఇది ఒక్క పెరటికి సాధ్యం కాదు.

కాని పది కుటుంబాలకు సాధ్యమే. ఇరుగుపొరుగు ఇండ్లవారు ఒకే రకాన్ని ఎంచుకొని, ఇంటికి ఐదేసి మొక్కలను పూతకు వదిలితే, ఆ పెరళ్ల మధ్య తిరిగే తేనెటీగలే పరాగ సంపర్కం జరుపుతాయి. అందరి విత్తనాన్ని కలిపి తిరిగి పంచుకోవాలి. ధ్రువీకృత విత్తనోత్పత్తికి 1000 మీటర్ల వేర్పాటు దూరం నిర్దేశింపబడింది. ఇండ్ల మధ్య అది కుదరకున్నా, ఇదే జాతికి చెందిన క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ పూతకు రాకముందే వంటింటికి చేరుతాయి గనుక, వాటిని పూయనీయకుంటే కలుషితం చాలవరకు తప్పుతుంది. ఆవాలు వేరే జాతి. దానితో సంకరమయ్యే అవకాశం బహు తక్కువ.

విత్తనానికి వదిలిన మొక్కలు ఫిబ్రవరిలోగా పూయాలి. మార్చి ఎండలకు పుప్పొడి శక్తి తగ్గి కాయకట్టు దెబ్బతింటుంది. అందుచేత కొన్ని మొక్కల నడిమి పువ్వును కోయక వదలాలి. పూత కాలంలో క్రిమిసంహారకాలు చల్లరాదు. తొందరగా పూతకెక్కిన మొక్కలను విత్తనానికి ఎంచుకోరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు ఇంటికొక విత్తనపు పొట్లం పంచడం కంటే, కాలనీకొక రకాన్ని, దానిని కాపాడే బృందాన్ని ఏర్పరచడం ఫలప్రదం.