ద్రాక్షమొగ్గకు ఊపిరాడని వేళ

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో నగరము పెరిగి ద్రాక్షతోటలు తగ్గినవి గాని, తోటపని తీరు మారలేదు. ఏప్రిల్‌లో ఒకమారు, అక్టోబరులో ఒకమారు తీగలను కత్తిరింతురు. శీతలదేశములలో చలికాలము గడచినపిదప మొగ్గ మేల్కొనును. మనకు అంత చలి ఏదీ? అందుచేత అక్టోబరు కత్తిరింపు కాగానే మొగ్గలకు హైడ్రోజన్ సయనమైడ్ అను మందు పూయుదురు.

ఈ మందు బలమిచ్చునదని పలువురు తలంతురు. నిజమునకు అది మొగ్గను కాసేపు ఉక్కిరిబిక్కిరి చేయును. కణమునకు శక్తినిచ్చు పొయ్యి మైటోకాండ్రియా. మందు తగిలినంతనే అది సరిగా మండదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పేరుకొనును. మొక్కలకు ఇట్టి వేళలకై ఒక ప్రక్కదారి కలదు. ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అను ఎంజైము ఆ దారి తెరచును. శక్తి తక్కువే లభించును గాని పొయ్యి మూసుకొనిపోదు.

అయితే ఆ ఎంజైమును తయారుచేయు జన్యువు కణకేంద్రములో నున్నది. పొయ్యి కష్టము అచ్చటి కెట్లు తెలియును? అరబిడాప్సిస్ అను ఆవజాతి మొక్కలో 2013లో దీని జాడ తెలిసినది: కణములోని ఒక పొరకు అంటియుండు ప్రోటీను, ఆపద రాగానే తెగి, కేంద్రమునకు పోయి వార్త చెప్పును.

ఈ క్షణికమైన క్లేశమే మొగ్గ నిద్రను చెరచునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. మోతాదు మించినచో మొగ్గ మాడిపోవును. మందు పూయువారికి మేము ముఖ్యముగా చెప్పునది వేరొకటి: చేతులకు తొడుగులు ధరింపుడు, పనికి ముందును, పిదప కొన్ని దినములును కల్లు, సారా ముట్టకుడు. ఈ మందు ఒంటిలో చేరియుండగా మద్యము త్రాగినచో ముఖము కందును, గుండె దడదడలాడును, ప్రాణమునకే ముప్పు రావచ్చును.